పదిహేడో నంబరు

"ఊరికి పోయిండు మేడం. నిన్ననే పోయిండు."

"నిన్న పొద్దున ఫోన్ చేస్తే ఇంట్లనే ఉన్నడన్నరు గదా అమ్మా. రేపొస్తనంటే సరే అన్నరు."

"అన్న. పొద్దుగాల ఉన్నడు. పగటాల్ల పోయిండు."

"మల్ల ఎప్పుడొస్తడు?"

"గదే... చెప్పలే. పొలం కాడ పనున్నదన్నడు."

ప్రసన్నలక్ష్మి గడప బయటే నిలబడి ఉంది. ముఖానికి మాస్కు, భుజాన బరువైన సంచి, సంచిలో పదిహేడో నంబరు ఫైలు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, రింగురోడ్డు దాటి, ముగ్గురిని అడిగి ఈ సందు పట్టుకునేసరికి పన్నెండు దాటింది. తలుపు సగమే తెరిచి అడ్డంగా నిలబడినామె కౌసల్యమ్మ, ఆ పదిహేడో నంబరు మనిషి సైదులు భార్య. ఏడాది కిందట క్లినిక్‌లో ఒక్కసారి చూసిన ముఖమే. అప్పటికీ ఇప్పటికీ మనిషి సగమైపోయింది.

"పోనీ నేను జర లోపలికి రావచ్చా అమ్మా? మీ సంతకాలు గూడ రెండున్నయి."

కౌసల్యమ్మ సందు అటూ ఇటూ చూసి, తలుపు వదిలి పక్కకు జరిగింది.

ప్రసన్నది వనస్థలిపురం. పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్న ఇల్లు వాళ్ళది. దుకాణం తమ్ముడికి వదిలేసి ఆమె మందుల చదువు చదివింది, యూనివర్సిటీలో డాక్టరేట్‌కు చేరింది. షుగరు ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో వచ్చే మంటలకు ఒక కొత్త మందు పనిచేస్తుందా లేదా అని యూనివర్సిటీ వాళ్ళు పరీక్షిస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న వాళ్ళ క్లినిక్‌లో రోగులతో మాట్లాడి, ఫారాలు నింపి, మాత్రలు ఇచ్చే బాధ్యత ప్రసన్నది. దాని మీదే ఆమె థీసిస్.

2020 జనవరిలో మొదలుపెట్టినప్పుడు రెండు వందల మందిని చేర్చుకోవాలనుకున్నారు. డెబ్బై రెండో పేరు రాసిన వారానికి లాక్‌డౌన్ వచ్చింది. కొత్తవాళ్ళను తీసుకోవడం ఆగిపోయింది. రక్తం నమూనాలు దాచే ఫ్రీజర్లను కరోనా పరీక్షలకు తరలించారు. పరిశోధన చేసే పిల్లలందరికీ పెద్ద దవాఖానలో డ్యూటీలు వేశారు. ఉన్నవాళ్ళనైనా పోగొట్టుకోకుండా, మాత్రలు కొరియర్‌లో ఇంటికి పంపించి, నెలకోసారి ఫోన్‌లో మంట ఎంతుందో అడిగి రాసుకోవచ్చని ఇలాంటి పరీక్షలకు అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ ఒప్పుకుంది. ప్రసన్న దవాఖాన డ్యూటీ చేస్తూనే ఆ ఫోన్లు చేసేది. కొందరు ఊళ్ళకు నడిచి వెళ్ళిపోయారు, కొందరి నంబర్లు మారిపోయాయి, కొందరు ఇప్పుడు గిదా మా పరేషాన్ అని పెట్టేశారు. ఒక్క నెల కూడా తప్పకుండా జవాబు చెప్పినవాళ్ళు చివరికి పదకొండు మంది మిగిలారు. ఆ పదకొండు మందిలో నెలనెలా చక్కగా మంట తగ్గుతూ వచ్చింది పదిహేడో నంబరుకే.

ఇది ఫిబ్రవరి. పరీక్ష గడువు ముగిసింది. ఇప్పుడు ఒక్కొక్కరినీ కళ్ళారా చూసి, కాళ్ళు పరీక్షించి, రక్తం తీసుకుని, మిగిలిన మాత్రలు వెనక్కి తెచ్చుకోవాలి. అప్పుడే ఫోన్‌లో రాసుకున్నవి లెక్కకు వస్తాయి. సోమవారం తనిఖీకి మనిషి వస్తున్నాడు.

గది చిన్నదైనా శుభ్రంగా ఉంది. టీవీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, దాని వీపుకు ఖాకీ చొక్కా. కౌసల్యమ్మ చాప పరిచి, మంచినీళ్ళు తెచ్చిచ్చి, తను గోడకానుకుని కూర్చుంది. ప్రసన్న కూడా చాప మీదే కూర్చుంది.

"ఆయనకు ఒకసారి ఫోన్ చేస్త అమ్మా. ఎప్పుడొస్తడో అడిగి పోత."

"అక్కడ సిగ్నల్ ఉండది మేడం."

"ఒకసారి చూస్త."

ప్రసన్న ఫోన్ కలిపింది. టీవీ కింద అరలో ఏదో మోగింది. కౌసల్యమ్మ అటు చూడలేదు. మూడుసార్లు మోగాక ప్రసన్నే కట్ చేసింది.

"ఫోన్ ఇంట్లనే పెట్టిపోయిండా?"

"మర్శిపోయిండు."

"నిన్న నేను చేసింది గూడ ఇదే ఫోన్‌కు. మీరే ఎత్తిండ్రు."

"ఆ. నేనే ఎత్తిన. ఆయన తానం చేస్తుండె."

ప్రసన్నకు ఎక్కడో అనుమానం తగిలింది గానీ దాన్ని పక్కకు నెట్టేసింది. మొగుడూ పెళ్ళాలు గొడవపడి ఉంటారు, ఆయన అలిగి ఎటో వెళ్ళి ఉంటాడు, చెప్పుకోవడానికి ఈమెకు నామోషీగా ఉంది అనుకుంది. సైదులు అలిగే మనిషిలా కనిపించలేదు మరి. డీసీఎం వ్యాన్ నడిపేవాడు. క్లచ్ మీద కాలు పెడితే నిప్పుల మీద పెట్టినట్టుంటుందని క్లినిక్‌కు వచ్చాడు. మంట లేకపోతే సున్న, భరించలేనంతగా ఉంటే పది, మీకెంతుంది అని అడిగితే పదకొండు అన్నాడు. పది దాటి ఉండదని ప్రసన్న చెప్పింది. గట్లయితే పది రాసుకోండ్రి మేడం, గా ఒక్కటి మీ దగ్గర్నే ఉంచుకోండ్రి అన్నాడు. చివరికి ఎనిమిదని తేలింది. వెళ్ళేముందు, పోచంపల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు చీరల మూటలు తన బండిలోనే వచ్చేవని, అందులో మీ నాయన మూటలు కూడా ఉండే ఉంటాయని అన్నాడు.

"సరే అమ్మా. ఆయన వచ్చినంక కాళ్ళ పరీక్ష చేస్తం. మిగిలిన గోలీలు, ఖాళీ అట్టలు ఇయ్యండి. లెక్క చూసుకోవాలె."

"పారేసిన."

"పారేయద్దని ప్రతి నెలా చెప్పిన గదమ్మా."

"చెప్పిండ్రు."

"అన్ని పారేసిండ్రా? ఒక్క అట్ట గూడ లేదా?"

కౌసల్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట ఏమీ లేదు. కాసేపు తన చేతుల వైపు చూసుకుని, లేచి లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు వినిపించాయి. ఒక బట్టల దుకాణం సంచి తెచ్చి ప్రసన్న ముందు పెట్టి, వెనక్కి జరిగి కూర్చుంది.

సంచిలో కొరియర్ కవర్లున్నాయి. ప్రసన్న ఒక్కొక్కటే బయటపెట్టింది. ఏడు. ప్రతి దాని మీద తన చేతిరాతతో పదిహేడు అంకె. ఏ ఒక్కదాని టేపూ ఊడలేదు.

"ఒక్కటి గూడ ఇప్పలే."

"ఇప్పలే."

"ఎందుకమ్మా? ఆయనకు గోలీలు పడలేదా? కడుపుల ఏమన్న అయ్యిందా? చెప్తే నేను డాక్టర్‌కు చెప్పేదాన్ని గదా."

"పడకపోవుడేంలే."

"మరి?"

"ఆయన లేడు మేడం."

"ఊరికి పోయిండని..."

"ఊరికి గాదు."

ప్రసన్న చేతిలో ఏడో కవరు అలాగే ఉండిపోయింది. కుర్చీ మీద ఖాకీ చొక్కా వైపు, టీవీ కింద ఫోన్ వైపు చూసింది.

"ఎప్పుడు?"

"ఆషాఢంల. బోనాల ముందు."

"ఆషాఢమంటే... జులైలనా? పోయినేడు జులైలనా?"

"ఆ."

జరిగింది కౌసల్యమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ముందు జ్వరం ఆమెకే వచ్చింది, తర్వాత ఆయనకు. నాలుగో రోజు పగలు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊపిరి అందక కొట్టుకున్నాడు. అంబులెన్స్ వాళ్ళు తెల్ల గౌన్లేసుకుని వచ్చి ఎక్కించుకుపోయారు. ఆ హడావుడిలో ఆయన ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకూ కరోనా ఉందని పరీక్షలో తేలింది కాబట్టి గడప దాటొద్దన్నారు. దవాఖాన చుట్టూ తిరిగింది ఆమె తమ్ముడు లచ్చయ్య. అతన్ని కూడా లోపలికి పోనివ్వలేదు. ఆరు రోజులు. తర్వాత మనిషిని చూపించలేదు, ఇంటికి ఇవ్వలేదు. అంత్యక్రియలన్నీ తామే చేశామని లచ్చయ్యతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయన ఎక్కడ కాలిపోయాడో, అసలు కాలిపోయింది ఆయనేనో కాదో ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ప్రసన్న వింటూనే ఫైలు తెరిచింది. తెరవకుండా ఉండలేకపోయింది. జూన్ నెల ఫోన్‌లో మాట్లాడింది సైదులే, ఏడు అన్నాడు. ఆ తర్వాత జులై ఇరవై ఏడున ఆరు. ఆగస్టులో ఐదు, సెప్టెంబరులో ఐదు. నాలుగు, నాలుగు. మూడు, మూడు. ఏడు ఫోన్లు. ప్రతి ఫారం పైన ఒక గడి ఉంది, జవాబు చెప్పింది రోగి స్వయంగానా, వేరేవాళ్ళా అని. ఏడింటిలోనూ స్వయంగా అన్నచోటే టిక్కు ఉంది. ఆ టిక్కులు ఎవరూ బలవంతంగా పెట్టించలేదు. ఒంటి మీది ప్లాస్టిక్ గౌను విప్పి, మళ్ళీ తొడుక్కునేలోపు దొరికే పావుగంటలో ఐదారు ఫోన్లు చేసేది. ఆయనకివ్వండమ్మా అంటే తానం చేస్తుండనో, పండుకున్నడనో కౌసల్యమ్మ చెప్పేది. పోనీ మీరే అడిగి చెప్పండి అని తనే అనేది. పెళ్ళాం అడిగినా మొగుడు చెప్పేదేగా, స్వయంగా చెప్పినట్టే అనుకుని టిక్కు పెట్టేది.

"మీరు ఆయన్ని అడిగేటోళ్ళమ్మా. నాకు ఫోన్ల ఇనపడేది. ఎంతంట మంట, అని అడిగేటోళ్ళు."

"అడిగేదాన్ని."

"ఎవర్ని అడిగిండ్రు?"

"ఆయన్నే." కౌసల్యమ్మ కుర్చీ వైపు చూసింది. "గక్కడ కూసునేటోడు. గటు దిక్కు తిరిగి అడిగేదాన్ని."

"మరి ఆరని, ఐదని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. నేనే చెప్పిన. ఒక్కసారి ఐదంటే మీరు, అరె మంచిగైతుందమ్మా అన్నరు. మీరు సంబురపడితే నాకు గూడ జర మంచిగనిపిచ్చేది. మల్ల నెల దాకా గదే యాదిల ఉండేది. పెంచి చెప్పబుద్ధి కాకపోయేది."

ప్రసన్నకు ముందుగా వచ్చింది జాలి కాదు. అది ఆమెకు చాలా రోజుల వరకు సిగ్గుగానే ఉండిపోయింది. ముందుగా వచ్చింది తన ఏడు నెలలు పోయాయన్న కోపం. దవాఖానలో నిలబడి నిలబడి కాళ్ళు వాచినా వదలకుండా చేసిన ఫోన్లు, పదిహేడో నంబరు అంకెలతో గీసి తన ప్రొఫెసర్ గోడకు అంటించుకున్న గ్రాఫు, డాక్టరేట్ గడువు, అన్నీ ఒక ఖాళీ కుర్చీ చెప్పిన అంకెల మీద నిలబడ్డాయి.

"ఈ అంకెలు చూసి రేపు వేరేవాళ్ళకు ఈ మందు రాస్తరమ్మా. పనిచేస్తదో లేదో తెల్వకుండనే రాస్తరు. నేను అడిగింది గందుకే."

"తప్పే మేడం. కాదంట లేను. ఆయన పేరు కొట్టేయండ్రి."

"పేరు లేదమ్మా దీంట్ల. నంబరే ఉన్నది."

ఆ మాట ఎందుకన్నానా అని అన్న వెంటనే అనిపించింది. కౌసల్యమ్మ మాత్రం నొచ్చుకున్నట్టు లేదు. తల ఊపి, ప్రసన్న గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది.

ఫోన్ మోగింది ఆ నీళ్ళు తాగుతుండగానే. ప్రొఫెసర్ విజయదుర్గ. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నా ఆమె మాట మారలేదు. ఈ పరీక్ష మొదలుపెట్టింది ఆమె. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది.

"దొరికాడా ప్రసన్నా ఆయన?"

"లేదు మేడం."

"ఊళ్ళో లేడా? పోనీలే, వాళ్ళావిడ చేత సంతకం పెట్టించుకుని వచ్చెయ్. కాళ్ళు తర్వాత చూద్దాం. సోమవారానికి ఫైలు మాత్రం ఉండాలమ్మా."

ఊరికి వెళ్ళాడని ఒక్క మాట అంటే సరిపోయేది. ప్రొఫెసర్ ఇంకేం అడిగేది కాదు. ఆ వచ్చే మనిషి కూడా ఈ సందులోకి వచ్చి తలుపు కొట్టడు. పదకొండు మంది పదకొండు మందిగానే ఉంటారు. ప్రసన్న ఎదురుగా గోడకానుకున్న మనిషిని చూసింది. కౌసల్యమ్మ ఆమె వైపు కాకుండా కవర్ల వైపు చూస్తోంది.

"ఆయన చనిపోయారు మేడం. కరోనాతో. జులైలోనే."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"జులైలో అంటే... మరి తర్వాత మాట్లాడిందెవరు?"

"వాళ్ళావిడ. ఆయనే మాట్లాడినట్టు రాసింది నేను."

"అన్నీనా?"

"ఏడూ."

"నువ్వేం చెబుతున్నావో తెలుస్తోందా నీకు? మిగతా పదిమంది ఫారాలూ మళ్ళీ మొదట్నుంచీ చూడాలి. కమిటీకి చెప్పాలి. నీ థీసిస్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది."

"తెలుసు మేడం."

విజయదుర్గ గట్టిగా ఊపిరి వదిలింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"ఆ గ్రాఫు చూసి నేనే అడగాల్సింది. మెట్లు దిగినట్టు అంత చక్కగా ఎవరికీ తగ్గదు. చూసి మురిసిపోయానే గానీ అడగలేదు. సరే. నీ దగ్గర మరణం ఫారం ఉందా?"

"ఉంది."

"అక్కడే కూర్చుని నింపు. ఆవిడను తొందరపెట్టకు. ఏ గడీ ఖాళీగా వదలొద్దు."

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. కమిటీ ముందు ప్రసన్న తన టిక్కుల గురించి తనే చెప్పింది. హెచ్చరిక రాసిచ్చారు. మిగతా పదిమంది ఇళ్ళకూ విడివిడిగా వెళ్ళి చూస్తే, ఇద్దరి విషయంలో కొడుకూ కోడలూ తోచింది చెప్పారని తేలింది. ఆ మందు పనిచేస్తుందనీ చెప్పలేం, చేయదనీ చెప్పలేం అని రాసి పరీక్షను మూసేశారు. గోడ మీది గ్రాఫును విజయదుర్గ తన చేత్తోనే తీసేసింది. ప్రసన్న థీసిస్ రెండేళ్ళు వెనక్కి పోయింది. అరికాళ్ళ మంటలతో క్లినిక్‌కు వచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు, వాళ్ళకు పాత మందులే రాస్తున్నారు. అయితే అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు ఆ గదిలో మిగిలింది నాలుగు పేజీల ఫారం.

"కొన్ని అడగాల్సి ఉన్నదమ్మా. ఇప్పుడు చెప్పలేనంటే మల్లొస్త."

"అడుగు బిడ్డా. ఇగ దాసేదేమున్నది."

మేడం పోయి బిడ్డా వచ్చిందని ప్రసన్న గమనించింది. సంచి చాప అంచుకు జరిపి, ఒళ్ళో ఫైలు పెట్టుకుంది.

"తారీఖు?"

"గది సరిగ్గ యాదికి లేదు. కాయితం ఉన్నది."

అల్మారాలో బట్టల కింద నుంచి కౌసల్యమ్మ ఒక బ్రౌన్ కవరు తెచ్చిచ్చింది. లచ్చయ్య తెచ్చి ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, అంటించిన మూత కూడా తెరవలేదు.

"మీరు చూడలేదా?"

"లే. నువ్వు చూడు. పైకి సదవకు, రాసుకో."

ప్రసన్న కవరు చించి కాగితం తీసింది. జులై పదిహేడు. కింద దవాఖాన పేరు, మూడో అంతస్తు వార్డు. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది. అది యూనివర్సిటీ పెద్ద దవాఖానే.

"నేను గూడ అక్కడ్నే ఉన్ననమ్మా అప్పుడు. అదే దవాఖానల."

కౌసల్యమ్మ చించిన కవరు తీసుకుని మడిచింది.

"మా పరిశోధన ఆగిపోయినంక అందర్నీ అటే పంపిండ్రు. నాది కింద హెల్ప్ డెస్క్. వార్డుకెల్లి ఒక లిస్టు వచ్చేది. దాంట్ల బెడ్ నంబరు, ఇంటోళ్ళ ఫోన్ నంబరు, అంతే ఉండేది. ఎట్లున్నరో ఇంటోళ్ళకు ఫోన్ చేసి చెప్పేది మా పని. రోజుకు నలభై, యాభై. మొదట్ల ఎవరెవరో యాదికుండేటోళ్ళు. తర్వాత ఉండకపోయేది." ప్రసన్న కాగితాన్ని ఫైలు మీద పెట్టింది. "మాస్కులు, ఆక్సిజన్ పైపులు... పైకి పోయినా ముఖాలు తెలిసేటివి కావు. మా పదిహేడో నంబరు నా నెత్తి మీద మూడో అంతస్తులనే ఉన్నడు. నాకు తెల్వలే. తెలిస్తే పోయి చూసేదాన్ని. ఒక్కసారన్న మాట్లాడిచ్చేదాన్ని మీతోని."

"నీకెట్ల తెలుస్తది బిడ్డా."

"తెలుసుకోవాల్సింది."

"ఎందరికని తెలుసుకుంటవు. రాయి, కానియ్యి."

ప్రసన్న రాసింది. షుగరు ఎన్నేళ్ళ నుంచి, బీపీ ఉండేదా, చివరగా పరీక్ష మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు. అంబులెన్స్ ఎక్కిన రోజు పొద్దున కూడా వేసుకున్నాడని కౌసల్యమ్మ చెప్పింది. గా మేడం ఫోన్ చేస్తే ఏస్కున్ననని చెప్పాలె గదా అన్నాడట. నాలుగో పేజీలో చివరి గడి ఒకటి మిగిలింది. మరణవార్త కుటుంబానికి ఎవరి ద్వారా తెలిసింది?

"మీకు మీ తమ్ముడు వచ్చి చెప్పిండా అమ్మా?"

"కాదు. ఫోనొచ్చింది. నా ఫోన్‌కు."

"దవాఖాన నుంచేనా?"

"దవాఖాన నుంచే."

"ఎవరు చేసిండ్రో పేరు చెప్పిండ్రా? లేదంటే ఉత్తగ దవాఖాన అని రాస్త."

"పేరు చెప్పలే. ఆడపిల్ల." కౌసల్యమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ మాట్లాడింది. "ముందుగాల్నే చెప్పలే. నిలబడి ఉన్నరా అమ్మా, కూసోండి అన్నది. కూసున్న. పక్కన ఎవరన్న ఉన్నరా అన్నది. లేరన్న. గప్పుడు చెప్పింది. మంచిగ చెప్పింది బిడ్డా, నెమ్మదిగ. నేను ఏడుస్తుంటే పెట్టేయలే. నేను ఆపేదాక లైన్ల ఉన్నది. ఎనక ఎవరో పిలుస్తుండ్రు, ఇంకో ఫోన్ మోగుతుంది, అయినా ఉన్నది."

ప్రసన్న కలం ఆగింది. ఆ మాటలు ఆమెకు కొత్త కాదు. కూర్చోమని చెప్పకుండా ఆ కబురు చెప్పొద్దని, పక్కన ఎవరైనా ఉన్నారా అని ముందు అడగాలని ఆ డెస్కులో మిగతా పిల్లలకు నేర్పింది ఆమే.

"అమ్మా..."

"పదకొండో దినం పెట్టుకుందమని నా తమ్ముడు సామాన్లకు పోయిండు. నేనొక్కదాన్నే ఉన్న. టీవీ కింద ఆయన ఫోన్ మోగింది. ఎత్తిన. సైదులు గారు ఎట్లున్నరమ్మా, కాళ్ళ మంటలు తగ్గినయా, అని అడిగిండ్రు."

"అమ్మా, నాకు..."

"లేడని చెప్పింది నీ గొంతే, ఎట్లున్నడని అడిగింది గూడ నీ గొంతే బిడ్డా. నేను రెండో మాట పట్టుకున్న."